గుర్రాల కొట్టం గోడ

పాత సరాయిని బాగుచేస్తారని విని, గోడలు గీకేలోపే చూడాలని వెళ్లాను. నిజాం కాలంలో పట్నం నుంచి వచ్చే టాంగాలు ఇబ్రహీంపట్నంలో అక్కడే గుర్రాలు మార్చుకునేవి. మా అన్న ఆ గుర్రాలకు మేత వేసేవాడు. అమ్మా నేనూ గోడలు అలికేవాళ్లం.

రజాకార్లు ఊళ్ల మీద పడుతున్న రోజుల్లో అన్న సంఘంలో కలిశాడు. ఇంటికి రావడం మానేశాడు. పోలీసు చర్య అయిపోయాక కూడా రాలేదు. ఆయనతో తిరిగినవాడొకడు జైలు నుంచి వచ్చి అమ్మను అడిగాడు.

"గుర్రాల కొట్టంల గోడ మీద బొగ్గుతోటి రాసిపోయిండు గదనే చిన్నమ్మా! సరాయిల లెక్కలు రాసే మున్షీతోటి చదివించుకోలేదా?"

"ఏం రాసిండు బిడ్డా?"

"నాకేమెరుక? నేను బయట కావలున్న. నాకూ సదువు రాదాయె."

అమ్మ నా వైపు చూసింది. ఆ కొట్టం అలికింది నేనే. నల్లటి గీతలు చూశాను కూడా. టాంగావాళ్ల పిచ్చిగీతలనుకున్నాను. అమ్మ ఆ రోజు నన్ను ఒక్క మాట అనలేదు. తర్వాత కూడా అనలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ముందు తడిగుడ్డతో గోడ తుడవాలి, తర్వాతే ఎర్రమట్టి పూయాలి. అది అమ్మ పద్ధతి. నాకు తుడవడమంటే బద్ధకం. చాలాసార్లు అట్లాగే పూసేసి దెబ్బలు తిన్నాను. ఆ నల్లగీతల మీద పూసిన రోజు తుడిచానో లేదో ఎంత తలచుకున్నా గుర్తు రాదు. అరవై దాటాక అక్షరాలు నేర్చుకున్నప్పటి నుంచి నాకు ఒకటే ఆశ. ఆ రోజు నేను బద్ధకించి ఉండాలి.

కొట్టంలో పనిచేస్తున్న మేస్త్రీకి ఇదంతా చెప్పి, చోటు చూపించాను.

"గిన్నేండ్ల రాత ఉంటదా అవ్వా?"

"జర మెల్లగ గీకు బిడ్డా. ఉంటే నేనే చదువుకుంట."

"అబ్బో, నువ్వే చదువుతవా! ఆగు మరి."

చిన్న ఉలితో సున్నం పొరలు ఒక్కొక్కటే లేపాడు. ఎర్రమట్టి కనిపించింది. మట్టి కూడా రాల్చాడు. కింద తెల్లటి గచ్చు. దాని మీద అడ్డంగా సాగిన బూడిదరంగు మసక. ఒక్క అక్షరం లేదు.

"ఎవరో తడిగుడ్డతోటి రుద్దిర్రు అవ్వా."

"పక్కకు చూడు."

తలుపు దాకా గీకాడు. అంతా శుభ్రంగా ఉంది.

"ఎవరోగని మస్తు మంచిగ తుడిసిర్రు" అన్నాడు.

"అవ్" అన్నాను. "నేనే తుడిసిన."