గడప ముందు ఏడు నిమిషాలు

ఎమ్మిగనూరు నేతగాళ్ళ వీధిలో గడపల ఎత్తు మీద నాకొక ఫిర్యాదు ఉంది. వాటిని పెట్టిన వడ్రంగులకు మనుషులు ఇళ్ళలోకి రావడం పెద్దగా ఇష్టం లేదేమో. మా చిన్నాయన ఇంటి గడపకు నా కుడికాలి బొటనవేలి గోరును రెండుసార్లు సమర్పించుకున్నాను.

ఆ ఇంటికి నేను ఊరికే పోలేదు. చిన్నమ్మ ఆదోనికి కబురు పెట్టింది. అప్పట్లో నేను అక్కడ ఇంటర్ పిల్లలకు తర్కశాస్త్రం చెప్పేవాణ్ణి. మా వంశంలో అబద్ధాన్ని పట్టుకునే చదువు చదివింది నేనొక్కణ్ణేనని ఆమె నమ్మకం.

“మీ చిన్నాయన నాటకాలాడుతాండాడు. నువ్వు కనిపెట్టి సెప్పు. రోగం నిజమైతే సచ్చేదాకా సాకిరీ సేస్తా. అబద్ధమైతే పెద్దకడుబూరుకు, మా అన్న ఇంటికి పోతా.”

ఆమె సాక్ష్యాలు గట్టివే. అరుగు మీద ఊరికే కూర్చుంటే చిన్నాయన కుడిచెయ్యి వణికేది, కనపడని దారమేదో వేళ్ళ మధ్య పేనుతున్నట్టు. అదే మనిషి మగ్గం గుంటలోకి దిగితే వణుకు మాయం. పెరట్లోకి పోవడానికి పూటంతా పట్టేది. శనివారం గుడి దగ్గర చెక్క భజనకు డోలు మోగితే మాత్రం, చేతిలో చెక్కలు పట్టుకుని వరసలో అందరితో సమానంగా అడుగేసేవాడు.

“నీళ్ళు తోడమంటే రాని కాళ్ళు భజనకు తేరు మాదిరి పోతాయి సూడు” అనేది చిన్నమ్మ.

నేను శాస్త్రోక్తంగా ఆలోచించాను. సోమరి అయితే పనిలో వణకాలి, విశ్రాంతిలో కుదురుగా ఉండాలి. ఈయన వణుకు తలకిందులుగా ఉంది. అంటే నటన చేతకానివాడైనా అయ్యుండాలి, నాకంటే తెలివైనవాడైనా అయ్యుండాలి. రెండోది కుదరదు కాబట్టి మొదటిదే ఖాయం చేశాను. మూడోది ఒకటి ఉండొచ్చని తర్కశాస్త్రానికి తోచలేదు.

మూడు నెలల పాటు ప్రతి ఆదివారం బస్సెక్కి వచ్చి నిఘా పెట్టాను. ఒకరోజు, ఉగ్గాని తినడానికి హోటలుకు పోతున్నానని చెప్పి, లోపలిగది తలుపు వెనక నిలబడ్డాను, చేతిగడియారంతో. చిన్నాయన వీధి గడప దాకా వచ్చి ఆగిపోయాడు. నడుము ముందుకు వంగింది, పాదాలు నేలకు అతుక్కున్నాయి. ద్వారబంధం పట్టుకుని అట్లే ఉండిపోయాడు. ఏడు నిమిషాలు. తర్వాత మెల్లగా జారి కూలబడ్డాడు. నేను సమయం నోటుబుక్కులో రాసుకుని, పెరటిదారిన చుట్టూ తిరిగి, అప్పుడే వచ్చినట్టు ముందుకొచ్చాను.

“ఏం చిన్నాయనా, ఈడ కూర్చున్నావు?”

“ఊరికేప్పా.”

మొహంలో ఏ భావమూ లేదు. ఆరితేరిన దొంగ మొహం కూడా అంత చదునుగా ఉండదని రాసుకున్నాను.

ఇంతలో కర్నూలు పెద్దాసుపత్రి నుంచి ఒక కుర్ర డాక్టరు వచ్చాడు. కళ్ళు చూపించుకోవడానికి అక్కడికి పోయిన భజన గురువు, మాటల్లో చిన్నాయన సంగతి చెప్పాడట. ఈ వణుకు జబ్బు మీదనే డాక్టరు పరిశోధన. జీపు వీధిలోకి తిరగ్గానే మగవాళ్ళు పెరటిగోడలు దూకారు. బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల రోజులు అప్పటికింకా ఎవరూ మరిచిపోలేదు. డాక్టరు కోస్తా మనిషి, ప్రతి మాటకూ ‘అండీ’ తగిలించేవాడు.

“ఇంత మర్యాదగా మాట్లాడేటోడు ఏదో ఒకటి కొయ్యకుండా పోడు” అంది చిన్నమ్మ.

ఆయన కోయలేదు. చిన్నాయన పాదాలను ఎర్రమన్ను నీళ్ళలో ముంచి బండల మీద నడిపించాడు. కోడి నడిచినట్టు ఇరుకిరుకు ముద్రలు పడ్డాయి. గురువును డోలు వాయించమని మళ్ళీ నడిపించాడు. ముద్రలు ఎడమెడంగా, మనిషివి పడ్డాయి. నేను ముందు ఎర్రమన్నును అనుమానించాను, తర్వాత డాక్టర్ని.

“నడవమనే కబురు మెదడులో పుడుతుందండీ. దాన్ని మోసేవాళ్ళు, అంటే మెదడులోని కణాలు, ఒక్కొక్కరే తగ్గిపోతున్నారు. డోలు చప్పుడు వేరే దారిన పోయి కాలును లేపుతోంది. ఎట్లాగో మేమూ వెతుకుతున్నాం. చప్పుడు మందు కాదండీ, మందు వేరే రాసిస్తాను.”

“నువ్వు సెప్పేది నాకు తెలీలేదు” అంది చిన్నమ్మ.

“నోటితో సెప్తే యట్ల తెలుస్తాది? అడుగేసి సూపిస్తా” అన్నాడు గురువు.

డాక్టరూ నేనూ మళ్ళీ వచ్చిన ఆ శనివారం సాయంత్రం, గుడి ముందర పదిమంది వరసగా నిలబడ్డారు. చివరివాడు చిన్నాయన. డోలు పక్కన పెట్టేశారు. మొదటివాడు చెక్కలు తాటించి అడుగేస్తే, ఆ దెబ్బ విని రెండోవాడు, వాణ్ణి విని మూడోవాడు. అట్లా చివరిదాకా పోయింది. చిన్నాయన కాలు లేచింది. గురువు వరస మధ్యలోంచి ఒకణ్ణి బయటికి పిలిచాడు, తర్వాత ఇంకొకణ్ణి. ఖాళీలు పెరిగాయి. తాళం నలిగి, ఆలస్యమై, ఆఖరుకు అందకుండా పోయింది. చిన్నాయన ఆగిపోయాడు, సరిగ్గా గడప ముందు ఆగినట్టు. అది ఆటలో భాగం కాదని డాక్టరు మొహం చూస్తే తెలిసింది. ఎవరూ నవ్వలేదు. నేను అలవాటు కొద్దీ గడియారం చూసుకున్నాను.

అప్పుడు గురువు పక్కనుంచి డోలు మీద ఒక్క దెబ్బ వేశాడు. పాదం లేచింది.

చేతులు కట్టుకుని చూస్తున్న చిన్నమ్మ చేతులు విప్పింది. “ఇంటికి పోదాం పా” అంది ఆయనతో. అంతే. పెద్దకడుబూరు మాట ఎత్తలేదు.

ఇంటి గడప దగ్గర చిన్నాయన మళ్ళీ ఆగాడు. చిన్నమ్మ అటూ ఇటూ చూసి, సిగ్గుపడుతూనే, చెక్క భజన తాళంలో చప్పట్లు కొట్టింది. మూడో చప్పటకు ఆయన గడప దాటాడు. వెనక నేను, అవసరమేమీ లేకపోయినా, ఆయన వీపు మీద చెయ్యి వేసి ఉన్నాను.

లోపలికి పోయి, మెల్లగా తిరిగి, అదే చదును మొహంతో నన్ను చూశాడు.

“ఆ పొద్దు తలుపు సందులో నుంచి సూస్తాంటివే, ఒక్క సప్పట కొట్టింటే సరిపోయేది గదప్పా.”