అక్క అడిగిన ముగింపు

బొమ్మల కథలు గీసే ఆయన చూపుడువేలికి సిరా మరక వదలదు. గీత లాగేటప్పుడు నాలుక కొన పంటికింద పెట్టుకుంటాడు. ఇప్పుడు ఏ కథైనా ఒక్క సంచికలోనే ముగించేస్తాడు. "సీరియల్ అయితేనే జనం ఎదురుచూస్తారండీ!" అని సంపాదకుడు మొత్తుకున్నా వినడు. పోయినేడు ఆయన సీరియల్ నడుస్తుండగా, ఆస్పత్రి మంచం మీంచి అక్క అడిగింది: "ఒరేయ్, బావిలో పడ్డ ఆ పిల్ల బతుకుతుందా? నాకొక్కదానికి చెప్పరా."

"అమ్మో, వచ్చే నెల చదువుకో!" అని నవ్వేశాడు. ఆ సంచిక రాకముందే అక్క పోయింది. పిల్లను బతికించాడు గానీ ఆ పేజీని మళ్లీ తెరిచి చూడలేదు. నిజానికి ఆవేళ ముగింపు ఆయనకూ తెలియదు. ఆ మాట ఒప్పుకొని ఉంటే, అక్కే ఏదో ఒకటి చెప్పేది.