మాస్కు తీసి మాట్లాడమ్మా

నేను రిటైరవడానికి కొన్నేళ్ళ ముందు, దసరా సెలవులు ముగిసిన వారంలో, దొడ్డబళ్ళాపురంలోని ఒక పట్టుచీరల షెడ్డులో శబ్దం కొలిచే పని నాకు అప్పగించారు. బెంగుళూరులో ఇండస్ట్రియల్ హైజీనిస్టుగా పనిచేసేదాన్ని. దుమ్ము, పొగ, రసాయనాలు, శబ్దం, ఇలా పనిచేసే చోట మనిషి ఒంటిని దెబ్బతీసేవి ఎంత ఉన్నాయో కొలిచి, తగ్గించే దారి చెప్పడం మా వృత్తి. డాక్టరు జబ్బు వచ్చాక చూస్తాడు, మేం రాకముందే వెళ్తాం. అందుకే మమ్మల్ని ఎవరూ సంతోషంగా పిలవరు.

షెడ్డు యజమాని నాగన్న పవర్‌లూమ్ మగ్గాల మధ్యే పెరిగిన మనిషి. చీరలు కొనే కంపెనీ రిపోర్టు అడిగిందని నన్ను పిలిచాడు గానీ, ఆయన దృష్టిలో ఇదంతా దండగ. “చూడండి మేడమ్, మా ఆడోళ్ళు మగ్గాల కాడ దినమంతా కబుర్లు చెప్పుకుంటానే ఉంటారు. సద్దు అంత ఎక్కువైతే మాటలెట్ల వినపడతాయి?” అన్నాడు. నిజమే, చెప్పుకుంటున్నారు. నాకు మాత్రం మగ్గాల్లో అటూ ఇటూ దూసుకుపోయే నాడెలు కొట్టుకునే చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు.

మా పని మాటల మీద నడవదు. మీటరును కాలిబ్రేటర్‌తో సరిచూసుకొని, లక్ష్మక్క అనే నేతపనామె భుజానికి, చెవికి దగ్గరగా డోసిమీటర్ తగిలించాను. షిఫ్టు మొత్తంలో ఆ చెవి మీద పడే శబ్దాన్ని అది కూడుతూ పోతుంది. ఎనిమిది గంటల పనికి మన నిబంధనల హద్దు తొంభై డెసిబెల్స్. ఈ షెడ్డు ఆ హద్దును అనాయాసంగా దాటేసింది.

అంతలో కరెంటు పోయి మగ్గాలన్నీ ఆగాయి. అందరూ వాకిట్లోకి వచ్చి టీ తీసుకున్నారు. జలుబు వల్ల పెట్టుకున్న మాస్కును నేను మాత్రం తీయలేదు. ఎన్నేళ్ళుగా నేస్తున్నావని లక్ష్మక్కను అడిగాను. ఆమె నా మొహంలోకి చూసి, “ఆ మాస్కు తీసి మాట్లాడమ్మా, వినపళ్ళేదు” అంది. టీ గ్లాసుల చప్పుడు కూడా తెలిసే నిశ్శబ్దం అది! అప్పుడర్థమైంది నాకు. వీళ్ళు కబుర్లు వినడం లేదు, పెదాల మీద చూస్తున్నారు.

మాస్కు తీసేసి, నాగన్నను గేటు దగ్గరికి పిలిచి, అందరికీ చెవి పరీక్ష చేయించాలన్నాను. ఆయన గొంతు తగ్గించి, “లక్ష్మక్కకు చెవుడుంటే మాన్పించేస్తా లెండి. రిపోర్టు క్లీన్‌గా ఉంటాది” అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నేను నోరు తెరిచేలోపే లక్ష్మక్క వాకిలి అవతలి నుంచి గబగబా వచ్చేసింది. “నన్ను మాన్పిస్తావా అన్నా? ఈ పని పోతే నా ఇల్లెట్ల గడిచేది?” అని నిలదీసింది. అంత దూరం నుంచి ఆయన పెదాలు చదివేసింది మరి.

“మనిషిని మార్చినంత మాత్రాన మీటరు మారదు నాగన్నగారూ. ఆ మగ్గం దగ్గర ఎవరిని నిలబెట్టినా ఇదే అంకె, కొన్నేళ్ళకు ఇదే చెవుడు” అని కచ్చితంగా చెప్పాను. ఆయన విసురుగా షెడ్డు వైపు నడిచాడు. వెనక నుంచి పిలిచాను. ఇంకా గట్టిగా పిలిచాను. తిరగలేదు. అబ్బో, ఎంత పొగరు అనుకున్నాను.

“పొగరు కాదమ్మా” అంది లక్ష్మక్క, నా మొహం చూసే కనిపెట్టి. “ఎనక నుంచి పిలిస్తే ఆయన పలకడు. మాకందరికీ తెలిసిందే.” చరచరా వెళ్ళి ఆయన ఎదురుగా నిలబడి, “మరి నిన్నెవురు మాన్పించాలన్నా?” అని అడిగింది.

ఆయన గేటు దగ్గరికి తిరిగొచ్చి, “ఆ చెవి పరీక్ష నాక్కూడా రాయండి మేడమ్” అన్నాడు.

ఇద్దరి వినికిడీ దెబ్బతిందని ఆడియాలజిస్టు తేల్చాడు. పోయిన వినికిడి తిరిగి రాదు. లక్ష్మక్క పని మాత్రం పోలేదు. మగ్గాల కింద రబ్బరు దిమ్మలు వేయించి, అరిగిన భాగాలు మార్పించాక మళ్ళీ కొలిస్తే శబ్దం తగ్గింది. మిగిలినదానికి అందరికీ ఇయర్‌మఫ్‌లు ఇప్పించాను.

చప్పుడు అలవాటైపోయిందని ఎవరైనా అంటే, ముందు వాళ్ళ చెవులు పరీక్షించాలి. ఆ తర్వాత నేను ఏ షెడ్డుకు వెళ్ళినా, మొదటి చెవి పరీక్ష యజమానికే రాశాను.