పెరిగిన గాజులు

లాడ్ బజార్‌లో గాజుల లక్క కాలే వాసన తగిలితే మా వయసువాళ్ళు "ఎంత మంచి రోజులో" అని కన్నీళ్ళతో మూసీకి వరద తెస్తారు. నాకు ఒళ్ళు మండుతుంది.

నా చిన్నప్పుడు మా యాకుత్‌పురా ఇంట్లో చిన్నమ్మ గాజులు పగిలినప్పుడల్లా, పగిలాయనడం అశుభమని, నాయనమ్మ "పెరిగినయి" అనేది. అవి చార్మినార్ తొడుక్కునేంత పెరిగాయని నమ్మేదాన్ని.

ఒకనాడు చిన్నమ్మ వాళ్ళ అన్న వచ్చాడు. ఆమె బోసిచేతులు చూసి నన్ను పిలిచాడు.

"నిజం చెప్పు బిడ్డా, మీ చిన్నాయన కొట్టిండా? కొడితే చెల్లెను ఇప్పుడే తోల్కపోతా."

"లేదు మామా, గాజులు పెరిగినయి."

పిల్లలు అబద్ధమాడరనుకుని ఆయన ఒంటరిగా వెళ్ళిపోయాడు. చిన్నాయన చేయి లేవడం నేను చూడకపోలేదు; మా ఇంట్లో దాన్ని కొట్టడమనేవారు కాదు. నాయనమ్మ నా నోట్లో బెల్లం పెట్టింది.

చిన్నమ్మ చూస్తుండగానే ఇంకో ముక్క అడిగాను.