అమ్మ ట్రేకి అవతలి వైపు

నవంబరు మొదటి గురువారం ఉదయం, థార్న్‌క్లఫ్ బజారులోని ఆర్మిటేజ్ ఇనుప సామాన్ల కొట్టులో, ఎనిడ్ సగ్డెన్ ఒక పెయింటు డబ్బా మీద కూర్చుండిపోయింది. ఆమెకు డెబ్బై నాలుగేళ్లు. బస్సులో సీటు ఖాళీగా ఉన్నా, తనకన్నా పెద్దవాళ్లెవరైనా ఎక్కుతారేమోనని నిలబడే మనిషి. ఆరేళ్లుగా ఆమె మేడమీది గదిలో అద్దెకుంటున్న నేను, ఆమె అలా నలుగురిలో అడక్కుండా కూర్చోవడం అదే మొదటిసారి చూశాను.

ఎనిడ్ ముప్ఫై ఒక్కేళ్లపాటు ఊరి బడిలో రోజూ రెండువందల నలభై మంది పిల్లలకు వండింది. వంట ఎలా ఉందని ఆమె ఎన్నడూ ఎవరినీ అడగలేదు. భోజనాలు ముగిశాక చెత్తబుట్ట మూత తీసి చూసేది. క్యారెట్లు ఎక్కువగా పడి ఉంటే మర్నాడు క్యారెట్లను వేరే విధంగా వండేది. ఆమెకు అంతకు మించిన తీర్పు అక్కర్లేకపోయింది.

ఇంట్లో మాత్రం ఆ తీర్పు దొరికేది కాదు. ఆ కుటుంబంలో కంచంలో పెట్టినదంతా తినడం, తిన్నాక "చాలా బాగుంది, ఎనిడ్" అనడం, భోజనానికి ముందు చేతులు కడుక్కోవడమంత మామూలు. ప్రతి ఏటా నవంబరులో అన్న క్లిఫర్డ్ పుట్టినరోజు ఆదివారం మధ్యాహ్నం ఎనిడ్ బీఫ్ వెల్లింగ్టన్ చేసేది. మెత్తటి గొడ్డుమాంసం ముక్కకు పుట్టగొడుగుల ముద్ద పట్టించి, పేస్ట్రీ పొర చుట్టి, ఓవెన్‌లో కాల్చే ఆ వంటకం వాళ్లమ్మ మార్తా చేసినప్పుడు అడుగు కూడా కరకరలాడేదట. ఎనిడ్ చేసినప్పుడు పైభాగం బంగారు రంగుకు వచ్చేది, అడుగు మాత్రం తడిసిన అట్టముక్కలా ఉండేది. మార్తా పోయి పందొమ్మిదేళ్లయింది. పందొమ్మిది పుట్టినరోజులూ అంతే.

ఆమె లోపాన్ని వెతకని చోటు లేదు. వెన్న మార్చింది, పిండి మార్చింది, పుట్టగొడుగులను ముందురోజే వేయించి గుడ్డలో పిండింది, మాంసాన్ని ఒకసారి రెండు గంటలు, ఒకసారి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచింది. ప్రతి మార్పునూ ఒక నోటుపుస్తకంలో రాసుకుంది. మార్చనిది ఒక్కటే: ట్రే. అది మార్తా ట్రే. నాలుగంగుళాల లోతు, నల్లటి దళసరి ఉక్కు. ఆదివారం మాంసం అందులోనే కాలేది, ఆ కొవ్వులోనే పిండితో చేసే ఉప్పటి పుడ్డింగులు పొంగేవి. దానికి సబ్బు తగలనివ్వరు, పాత న్యూస్‌పేపరుతో తుడిచి పెడతారు. మార్తా చేతిరాత చీటీలో ఉన్నది కూడా ఇంతే: "పెద్ద ట్రే మీద, బాగా కాగిన ఓవెన్‌లో, నలభై నిమిషాలు." కాబట్టి తప్పు తన చేతుల్లోనే ఉందని ఎనిడ్ తేల్చుకుంది.

ఈ ఏడు క్లిఫర్డ్‌కు ఎనభై నిండుతాయి. ఈసారీ అడుగు తడిగా వస్తే ఆ భోజనాన్ని వదిన మావిస్‌కు అప్పగించి, ఇక ఆ వంటకం జోలికి పోనని ఎనిడ్ నాతో చెప్పింది. చెప్పేటప్పుడు గొంతు మామూలుగానే ఉంది. ఆమె చేతులు మాత్రం అప్పటికే మడిచిన తువ్వాలునే మళ్లీ మడుస్తున్నాయి. ఆఖరి ప్రయత్నంగా కొత్త ట్రే కొనాలనుకుంది. కొలతకోసం పాతదాన్ని ఆ తువ్వాలులోనే చుట్టి, ఏదో తప్పు చేస్తున్నదానిలా దాన్ని కోటు కింద దాచుకుని బయల్దేరింది.

ఆర్మిటేజ్ కొట్టులో ట్రేలు నాలుగు రకాలున్నాయి. గాజు పళ్లెం తీరిగ్గా వేడెక్కుతుందని, పేస్ట్రీకి అడుగునుంచి తొలి క్షణంలోనే వేడి దెబ్బ తగలాలని కొట్టు యజమాని ఆర్మిటేజ్ వివరించాడు. పలచటి అల్యూమినియం ట్రే వేడికి టప్పుమని వంకరపోతే పైనున్న పేస్ట్రీ పగులుతుంది. మరీ పెద్దదైతే ఖాళీ జాగాలో కారిన రసం మాడుతుంది. లోతైన ట్రే అసలు పనికిరాదట. చుట్టూ గోడలుంటే మాంసంలోంచి వచ్చే ఆవిరి ఎటూ పోలేక పేస్ట్రీ కిందికే చేరుతుంది.

ఎనిడ్ తువ్వాలు విప్పి, మరి అమ్మకి ఈ లోతు ట్రేలోనే ఎలా కుదిరిందని అడిగింది. కొలత ముద్ర కోసం ఆర్మిటేజ్ ఆ ట్రేని బోర్లా తిప్పాడు. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుతురులో వాల్చి చూశాడు.

"మిసెస్ సగ్డెన్, దీని వీపు మీద ఎవరో కత్తితో కోశారండీ. ఒకసారి కాదు, ఏళ్ల తరబడి."

అడుగుభాగం మధ్యలో, వెల్లింగ్టన్ అంత పొడవున, చుట్టూ ఉన్న నలుపుకన్నా లేతరంగు మచ్చ ఉంది. దాని ఒక చివర సన్నటి గీతలు, అన్నీ ఒకే వాలులో, దగ్గరదగ్గరగా ఉన్నాయి. మార్తా ఎడమచేతివాటం మనిషి. ఆ గీతల వాలూ అదే.

"బోర్లించి కాల్చారు మీ అమ్మగారు. చదునుగా ఉంటుంది, గోడలుండవు, కింద ఓవెన్ గాలంతా తగుల్తుంది. కారే రసానికి కింది అరలో ఏ పాత పళ్లెమో పెట్టుంటారు. మీకు నేనేమీ అమ్మక్కర్లేదండీ."

ఎనిడ్ కూర్చున్నది అప్పుడే. నీళ్లిస్తే తాగలేదు. పందొమ్మిదేళ్లుగా ప్రతి ఆదివారం ఆ ట్రే లోపలిభాగాన్ని తుడుస్తూనే ఉంది, వెనకవైపు మసి అనుకుని ఎన్నడూ చూడలేదు. అమ్మ ఆ వంటకాన్ని ఓవెన్‌లో పెట్టే వేళకు తానెప్పుడూ ఊరి చిన్న చర్చి చాపెల్‌లో పిల్లలకు పాటలు నేర్పుతూ ఉండేదని, చాపెల్ ఎగ్గొట్టి బంగాళదుంపలు చెక్కుతూ వంటింట్లో ఉన్నది క్లిఫర్డేనని మెల్లగా అంది. అని, లేచి నిలబడింది.

ఇంటికి రాగానే, కోటు కూడా విప్పకుండా అన్నకు ఫోను చేసింది. క్లిఫర్డ్‌కు చెవులు సరిగా వినబడవు కాబట్టి ఫోనులో అరుస్తాడు. మెట్ల దగ్గర నిలబడ్డ నాకు ప్రతి మాటా వినిపించింది.

"ట్రే బోర్లించి చేసేదని నీకు తెలుసా, క్లిఫర్డ్?"

"తెలీకేం పిల్లా, అమ్మెప్పుడూ అంతేగా. మావిస్‌కీ తెలుసు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వడగలేదు కదా. నీకు మెత్తగా ఉంటేనే ఇష్టమేమో అనుకున్నాం. బళ్లో అంతమందికి వండినదానికి మేం వంట నేర్పుతామా?"

ఎనిడ్ ఫోను పెట్టేసి వంటింట్లోకి వెళ్లింది. చాలాసేపటి తర్వాత నన్ను పిలిచి, ఒక్క సంగతి అడిగింది: పుట్టినరోజు భోజనాల్లో క్లిఫర్డ్ కుక్క జిప్ ఎక్కడ కూర్చుంటుందో గమనించావా? గమనించాను. క్లిఫర్డ్ మోకాలి పక్కన, బల్ల కింద. దానికి ముందున్న కుక్క కూడా అక్కడే కూర్చునేదని ఎనిడ్ చెప్పింది. ఆ రెండు కుక్కలకూ అన్నంటే ప్రాణమని ఆమె ఇన్నాళ్లూ అనుకుంది. ఇంట్లో చెత్తబుట్టకు నాలుగు కాళ్లుండొచ్చని, తడి అడుగంతా బల్ల కిందికే పోతోందని బడి వంటమనిషికి తట్టలేదు. ఆ మధ్యాహ్నం ఆమెను ట్రే కన్నా ఎక్కువగా కుదిపింది ఇదే.

ఆదివారం ఆమె ట్రేని బోర్లించి, ఖాళీగానే ఓవెన్‌లో అరగంట కాచింది. కింది అరలో పాత పళ్లెం పెట్టింది. కాగిన ఉక్కు మీదికి పేస్ట్రీని జార్చినప్పుడు చురుక్కుమన్న చప్పుడు పక్కగదిలోకీ వినిపించింది. నలభై నిమిషాలయ్యాక ఒక చివర కోసి, ముక్కను తిరగేసి చూసింది. నాకు చూపించలేదు.

బల్ల దగ్గర క్లిఫర్డ్, మావిస్, నేను. ఎనిడ్ తన కంచం వైపు చూడడం లేదు, బల్లగుడ్డ అంచు కింద కనిపిస్తున్న క్లిఫర్డ్ ఎడమచేతిని చూస్తోంది. ఆ చెయ్యి కిందికి దిగలేదు. జిప్ మొదట ఆ చేతిని మూతితో తాకింది, తర్వాత ముంగాలితో తట్టింది. చివరికి లేచి, తలుపు దగ్గరికి పోయి, అందరికీ వీపు పెట్టి పడుకుంది.

క్లిఫర్డ్ నోరు తుడుచుకున్నాడు. "చాలా బాగుంది, ఎనిడ్."

పందొమ్మిదేళ్లుగా అన్నదే, అదే గొంతుతో. ఎనిడ్ ఫోర్కు కింద పెట్టింది.

"పోయినేడు ఎలా ఉంది?"

మావిస్ చేతిలో ఉప్పుసీసా ఆగిపోయింది. ఆ బల్ల దగ్గర అలాంటి ప్రశ్న ఎవరూ వేసి ఉండరు. క్లిఫర్డ్ తలుపు దగ్గరి కుక్కను చూశాడు, చెల్లెలిని చూశాడు. అతని చెవులు ఎర్రబడ్డాయి.

"ఘోరంగా ఉంది, పిల్లా," అన్నాడు. ఈసారి అరవలేదు. "అన్నేళ్లూ ఘోరంగానే ఉంది. ఇది అమ్మ చేసినట్టే ఉంది."

ఎనిడ్ చేతిరుమాలు కళ్లకు అద్దుకుని, మడిచి ఒళ్లో పెట్టుకుంది. గ్రేవీ జగ్గును ఎత్తి అన్న ముందు పెట్టింది.

"మరి ఈ గ్రేవీ ఎలా ఉంది, క్లిఫర్డ్?"

మావిస్ గబగబా లేచి, కాఫీకి నీళ్లు పెడతానంటూ వంటింట్లోకి వెళ్లిపోయింది.