వదిన వదిలేసిన సీటు

మా వదినకు సీటు వచ్చింది. నాకూ వచ్చింది గానీ, అది నేను అడిగింది కాదు.

వదిన అంటే మా మేనత్త కూతురు. నాకంటే కొన్ని నెలలు పెద్దది. మాది మండవల్లి దగ్గర కొల్లేటి అంచున ఒక చిన్న ఊరు. అక్కడి బడి ఐదో తరగతితో ఆగిపోతే నాన్నగారు నన్ను తాడేపల్లిగూడెంలో అత్తయ్య ఇంట్లో ఉంచి హైస్కూల్లో వేశారు. మామయ్య గూడెం స్టేషన్లో గూడ్సు గుమాస్తా. వదినా నేనూ ఒకే క్లాసులో చదివి, ఒకేసారి ఎస్సెల్సీ గట్టెక్కాం. ఆంధ్ర రాష్ట్రం కొత్తగా వచ్చిన రోజులవి.

ఇంటర్మీడియెట్ చదవాలంటే ఏలూరు వెళ్లాలి. పొద్దున ప్యాసింజర్లో వెళ్లి సాయంత్రం ప్యాసింజర్లో తిరిగి రావాలి. ఇద్దరూ కలిసి వెళ్తామంటే పంపుతాం, ఒక్కదాన్నే అయితే పంపం అని మామయ్యా నాన్నగారూ ముందే అనుకున్నారు. ఆ మాట మాకు అప్పుడు పెద్ద అడ్డంకిలా అనిపించలేదు. ఇద్దరం సెకండ్ గ్రూపుకే దరఖాస్తు పెట్టాం. అంటే ఫిజిక్సు, కెమిస్ట్రీ, నేచురల్ సైన్సు. డాక్టరు కావాలన్నా, జంతువుల గురించీ చెట్ల గురించీ చదవాలన్నా అదే దారి.

వదినకు ఆ గ్రూపు మామయ్య ఎంచారు. నాది నేనే ఎంచుకున్నాను. చిన్నప్పుడు మా నాన్నమ్మ కొర్రమేను కోస్తుంటే పక్కన గొంతుక్కూచుని, లోపలినుంచి వచ్చే ఒక్కొక్కటీ ఏమిటని అడిగేదాన్ని. ఆవిడకు రెండే పేర్లు తెలుసు. తినేది, పారేసేది. పారేసేదాంట్లో ఒక తెల్లటి గాలిబుడగ ఉండేది. అదెందుకు ఉందో చెప్పేవాళ్లు మా ఊళ్లో ఎవరూ లేరు. హైస్కూల్లో సైన్సు మాష్టారు ఒకరోజు చెప్పారు. చేప నీళ్లలో ఏ లోతున నిలవాలనుకుంటే ఆ లోతున నిలవడానికి అదే ఆధారమట. అప్పట్నుంచీ నా మనసు వేరే దేనిమీదా నిలవలేదు.

కాలేజీ ఆవరణలో బోర్డుకు అంటించిన కాగితంలో సెకండ్ గ్రూపు కింద వదిన పేరుంది. నా పేరు లేదు. లెక్కల్లో నాకు మార్కులు తక్కువ. మామయ్య లోపలికి వెళ్లి కనుక్కుని వచ్చారు.

"నీకు ఆర్ట్సు ఇస్తారట. హిస్టరీ, లాజిక్కు, ఎకనామిక్సు. సెకండ్ గ్రూపుకి వెయిటింగులో ఉన్నావట. ఎవరైనా మానేస్తే చూస్తామన్నారు."

"ఎవరైనా మానేస్తారా మామయ్యా?"

"ఏమో, చెప్పలేం కదమ్మా."

నేను ఆ సాయంత్రం అన్నం తినలేదు. రెండు రోజులకు నాన్నగారు కొల్లేరు దాటి పడవలో ఏలూరు వచ్చి, అక్కణ్నుంచి రైల్లో గూడెం వచ్చారు. పంచె అంచుకు అడుసు అలాగే ఉంది. అత్తయ్య కాళ్లకు నీళ్లిచ్చి, ఇంకా ఆయన కూర్చోకముందే అడిగేసింది.

"ఏం చేద్దావంటావురా తమ్ముడూ? నీ కూతురు వెళ్లనంటే నా కూతురూ ఆగిపోవాల్సిందే."

నాన్నగారు నావైపు తిరిగారు. "నీకేం అనిపిస్తోందమ్మా?"

వదిన గుమ్మం అవతల నిలబడి ఉంది. దాని కాలి పట్టీలు కనబడుతున్నాయి, మొహం కనబడడం లేదు. నేను కాదంటే దాని చదువు ఆగిపోతుంది. సరేనంటే నాకు అక్కర్లేని లాజిక్కు రెండేళ్లు చదవాలి. చివరికి, "చేరతాను నాన్నగారూ, ఈలోగా ఎవరైనా మానేస్తారేమో చూద్దాం" అన్నాను. నాన్నగారు తల ఊపారు. పట్టీలు గలగలమంటూ లోపలికి వెళ్లిపోయాయి.

అలా చేరాను. ఆడవాళ్ల పెట్టెలో ఎక్కి, ఉంగుటూరు, భీమడోలు, దెందులూరు దాటి, కాలేజీ దాకా నడిచి, హిస్టరీ క్లాసులో మొదటి వరసలో కూర్చునేదాన్ని. మా క్లాసు కిటికీలోంచి సైన్సు వాళ్ల లేబొరేటరీ కనబడేది. పాఠం చెప్పేవారి గొంతు ఒక చెవిలో పడుతూ ఉండేది, నా కళ్లు మాత్రం అక్కడే. ఇంటర్వెల్ గంట కొట్టగానే ఆఫీసు గదికి పరుగెత్తి, "ఎవరైనా మానేశారాండీ?" అని అడిగేదాన్ని. "లేదమ్మా" అనేవారు గుమాస్తాగారు, తల ఎత్తకుండానే.

అదే లేబొరేటరీలో వదిన నరకం అనుభవిస్తోంది. మొదట్లో నాకు తెలియదు. కప్పను కోయడం మొదలుపెట్టిన వారంలో ఒక సాయంత్రం రైల్లో అది వాంతి చేసుకుంది. నేను వీపు నిమురుతుంటే ఏడుస్తూ చెప్పింది.

"నావల్ల కాదే. ఆ వాసన చేతులకు పట్టేసింది. అన్నం కలుపుకుంటే అదే వాసన. లెక్కలైతే ఎన్నైనా చేస్తాను, ఇది మాత్రం నావల్ల కాదు."

"మామయ్యకి చెప్పు."

"నాన్న వింటారా? డాక్టరమ్మ అని వీధిలో అందరికీ చెప్పేశారు."

పుల్ల స్టేషన్ దాటాక మాకిద్దరికీ ఒకేసారి ఒకే ఆలోచన తట్టింది. నా సీటు దానికి, దాని సీటు నాకు. ఇంతసేపూ ఇంత తేలిక సంగతి ఎందుకు తోచలేదా అని నవ్వొచ్చింది. గూడెం వచ్చేదాకా పడీ పడీ నవ్వుకున్నాం.

మర్నాడు ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్లాం. ఆయన మొత్తం విని కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టారు.

"ఇదేమైనా రైల్లో కిటికీ పక్క సీటా అమ్మా, మీరూ మీరూ మార్చుకోడానికి? ఈ అమ్మాయి మానేస్తే ఆర్ట్సులోకి తీసుకుంటాను. ఆ ఖాళీ మాత్రం వెయిటింగులో ముందున్నవాళ్లకు వెళ్తుంది."

"ముందు నేనే కాదాండీ?"

"కాదు. నీకంటే ముందు ఒక అబ్బాయి ఉన్నాడు."

బయటికొచ్చాక గుమాస్తాగారిని బతిమాలితే ఆయన జాలిపడి చెప్పారు. ఆ అబ్బాయిది కామవరపుకోట. ఈపాటికి బందరులోనో భీమవరంలోనో చేరిపోయి ఉండొచ్చట. "చేరిపోతే తరవాత మీరేనమ్మా" అన్నారు.

ఆ మాట పట్టుకుని ఆ వారమంతా ఎలా గడిపానో నాకే తెలియదు. అతను భీమవరంలో చేరిపోయాడని ఒక పూట, లేదని ఒక పూట అనిపించేది. పుస్తకం తెరిచేదాన్ని, మూసేదాన్ని. చివరికి అత్తయ్యకు చెప్పాం. ఆవిడ వదిన చేతులు వాసన చూసి, చీరచెంగుతో తుడిచి, "మీ నాన్నకిప్పుడే చెప్పకండి. ఆదివారం చిన్నతిరుపతి వెళ్దాం. అక్కణ్నుంచి కామవరపుకోట ఎంతో దూరం లేదు" అంది.

భీమడోలులో రైలు దిగి బస్సెక్కాం. కొండెక్కి దణ్ణం పెట్టుకున్నామే గానీ, ఏం మొక్కుకోవాలో నాకు తెలియలేదు. ఆ అబ్బాయికి వేరేచోట సీటు రావాలని మొక్కాను. ఆ మొక్కులో తప్పేమీ లేదనిపించింది.

అక్కణ్నుంచి మెట్ట దారి. ఎర్రమట్టి, తాడిచెట్లు, వేరుశనగ చేలు. మా కొల్లేటి వైపు ఎటు చూసినా నీళ్లే. ఇక్కడ వాన పడి రోజైనా కాలేదట, అప్పుడే నేల ఆరిపోయింది. బస్సు దిగి, గుమాస్తాగారు చెప్పిన పేరుతో ఊళ్లో అడిగితే ఇల్లు చూపించారు. వాకిట్లో నులకమంచం మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు. మా చేతుల్లో పుస్తకాల సంచులేవీ లేవు. అయినా అత్తయ్య, "ఏలూరు కాలేజీ గురించి అడుగుదామని వచ్చామండీ" అనేసరికి ఆయన చటుక్కున లేచి నిలబడ్డారు.

"కాలేజీ నుంచి వచ్చారాండీ? ఏవే, కాలేజీ నుంచి వచ్చారు! కూచోండమ్మా, కూచోండి. సీటు వచ్చిందాండీ మావాడికి?"

లోపలినుంచి ఆయన భార్య తడిచేతులతో పరుగున వచ్చింది. కాదని చెప్పడానికి అత్తయ్య నోరు తెరిచింది. ఈలోగా మజ్జిగ వచ్చింది. ఎవరో పొలానికి కబురు పెట్టారు. కాసేపటికి ఆ అబ్బాయి మోకాళ్లదాకా ఎర్రమట్టితో వచ్చి, మమ్మల్ని చూసి దూరంగా నిలబడిపోయాడు.

"బాబూ, ఇంకా ఎక్కడా చేరలేదా?" అంది అత్తయ్య.

వాళ్ల నాన్న జవాబిచ్చారు. "లేదండీ. భీమవరంలో ఆర్ట్సు ఇస్తామన్నారు. వీడు వెళ్లనన్నాడండి. సైన్సు వస్తే చదువుతాను, లేకపోతే పొలం చేసుకుంటానన్నాడు."

నేను మజ్జిగ గ్లాసు కింద పెట్టేశాను. నేను తీసుకున్నదాన్ని అతను వద్దన్నాడు. వద్దని, ఈ ఎర్రనేలలో నాగలి పట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

ఆ అబ్బాయి మొదటిసారి నోరు విప్పాడు. "పాఠాలు ఎందాకా అయ్యాయండీ?"

అడిగింది ఎవరినో తెలియదు. వదిన జవాబు చెప్పింది. "కప్ప దాకా వచ్చాయండీ. గుండె, రక్తనాళాలూ అయిపోయాయి." అత్తయ్యవైపైనా చూడకుండా, "నేను మానేస్తున్నానండీ. ఆ సీటు మీకే వస్తుంది. ఈ వారంలోనే కార్డు రాస్తారు" అంది.

వాళ్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దాయన మా అత్తయ్యకు రెండు చేతులూ జోడించారు. ఆవిడేమో ఆ సంగతి అప్పుడే మొదటిసారి విన్నట్టు కూతురివైపు చూస్తోంది. వచ్చేటప్పుడు వద్దంటున్నా వినకుండా వేరుశనక్కాయల మూట ఒకటి బస్సులో పెట్టించారు.

బస్సు కదిలాక వదినతో మాట్లాడకూడదనుకున్నాను. ఊరి పొలిమేర దాటకుండానే అడిగేశాను.

"అక్కడే ఎందుకు చెప్పేశావు? ఇంటికెళ్లి ఆలోచించుకుంటే ఏం పోయేది?"

"ఇంటికొస్తే నాన్న కసిరితే నోరు మూసుకుంటాను. నా సంగతి నాకు తెలుసు. వాళ్లకి చెప్పేశాను కాబట్టి ఇంక వెనక్కి రాలేను."

"మరి నేను?"

అది నా చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది. నేను లాక్కున్నాను. కాసేపటికి మళ్లీ పట్టుకుంది. ఈసారి లాక్కోలేదు.

మామయ్య కేకలేశారు. అత్తయ్యమీద ఎక్కువ, వదినమీద తక్కువ. తరవాత చాలా రోజులు మాతో మాట్లాడలేదు గానీ, కాలేజీకి వచ్చి సంతకం మాత్రం పెట్టారు. ఆ అబ్బాయి వచ్చి సైన్సులో చేరాడు. వదిన నా పక్కన బెంచీ మీదికి వచ్చి, లాజిక్కు మాకంటే ముందే అర్థం చేసుకుని నాకు చెప్పడం మొదలుపెట్టింది. దాని మొహంలోకి రంగు తిరిగొచ్చింది.

ఇప్పుడు వెయిటింగులో ముందున్నది నేనే. అది ఇంకా కష్టం. ఇంకొక్కరు మానేస్తే చాలు. సైన్సు క్లాసులో ఎవరైనా ఒక పూట రాకపోతే నాకు ఆశ పుట్టేది. వాళ్లు మర్నాడు జ్వరం తగ్గి వచ్చేవాళ్లు. ఆఫీసు గదిలో గుమాస్తాగారు నన్ను చూడగానే తల అడ్డంగా ఊపేసేవారు. చివరికి ఒకరోజు కలం పక్కన పెట్టి, "గడువు అయిపోయింది. ఇంక ఈ గదికి రాకండమ్మా, మిమ్మల్ని చూస్తుంటే నాకు బాధగా ఉంటోంది" అన్నారు.

ఆ ఏడాది పరీక్షలు రాశాను. మార్కులు బాగానే వచ్చాయి. ఇంకో ఏడాది చదివితే ఇంటర్మీడియెట్ అయిపోతుంది. వేసవి సెలవులకు ఊరు వెళ్లాను. కొల్లేరు ఎండి, నేల నెర్రెలు విచ్చి ఉంది. చావిట్లో కాసేపు, పెరట్లో కాసేపు తిరుగుతున్నానే గానీ ఎక్కడా కుదురుగా కూర్చోలేకపోతున్నాను. అమ్మ చూసి చూసి, "ఏవిటే ఆ తిరుగుడు?" అంది. అప్పుడు చెప్పాను. మళ్లీ మొదటినుంచి, సెకండ్ గ్రూపుకి పెట్టుకుంటానని.

"ఏడాది గంగపాలేనా?" అంది అమ్మ. "నీతోటివాళ్లంతా ముందుకెళ్లిపోతారు. వదిన చదువైపోయాక రైల్లో నీకు తోడెవరు?"

నాన్నగారు కండువా భుజాన వేసుకుని పొలం వైపు వెళ్లి, దీపాలు పెట్టేవేళకు వచ్చారు. మెట్లమీద కూర్చుని కాళ్లు కడుక్కుంటూ అన్నారు.

"ముంపొచ్చి నాట్లు కొట్టుకుపోతే మళ్లీ నారు పోసుకోలేదా మనం? ఒక ఏడు కాదు, ఎన్నో ఏళ్లు. దీనికి మాత్రం ఎందుకూ కూడదనడం? పెట్టుకోనీ."

ఆ జూన్లో ప్రిన్సిపాల్ గారు నన్ను చూసి, "మళ్లీ నువ్వేనా?" అన్నారు. "ఆర్ట్సులో ఇన్ని మార్కులు తెచ్చుకుని, చిన్నవాళ్లతో కలిసి మొదటినుంచి కూర్చుంటావా?"

"కూర్చుంటానండీ."

"ఈసారీ రాకపోతే?"

"వచ్చే ఏడు మళ్లీ వస్తానండీ."

ఆయన నవ్వలేదు. కలం తీసి ఏదో రాసుకున్నారు. ఈసారి బోర్డు మీద సెకండ్ గ్రూపు కింద, అట్టడుగున, నా పేరుంది.

చివరికి నేను డాక్టరు కాలేదు. విశాఖపట్నంలో మెడికల్ కాలేజీకి పెట్టాను, ఇంటర్వ్యూకి పిలిచారు, తీసుకోలేదు. ఆ తరవాత బీఎస్సీ చదివి హైస్కూల్లో సైన్సు చెప్పాను. వదిన ఇంటర్మీడియెట్ అవుతూనే గూడెంలో చిన్నపిల్లల బడిలో లెక్కలు చెప్పడానికి కుదురుకుంది. దాని ఇష్టం అదే.

వదిన చదువైపోయాక నాకింకా ఒక ఏడాది మిగిలింది. తోడు లేకుండా వెళ్లాల్సిన మొదటి రోజు మామయ్య గూడ్సు ఆఫీసు వదిలి ప్లాట్‌ఫారం మీదికి వచ్చారు.

"భీమడోలు దాకా నేను రానా?"

"వద్దండీ మామయ్యా, మీకు డ్యూటీ కదా."

"అయితే జాగ్రత్త. దిగేటప్పుడు తొందరపడకు."

రైలు కదిలింది. ఆయన కాసేపు పెట్టె పక్కన నడిచి ఆగిపోయారు. నేను పుస్తకం తెరిచాను. సెలవులయ్యాక మొదటి రోజే కెమిస్ట్రీలో చిన్న పరీక్ష పెడతామన్నారు, ఇంకా చదవాల్సింది చాలా మిగిలిపోయింది. పక్కన ఎవరూ లేరన్న సంగతి దెందులూరు దాటేదాకా నాకు గుర్తే రాలేదు.