సౌండు బంద్ చేసి చూపిన సినిమా

తెలంగాణ వచ్చిన వారానికే మా పక్కింటి కాక పోయాడు. చుట్టరికం ఏమీ లేదు, గోదావరిఖనిలో మా వాడకట్టంతటికీ ఆయన కాకే. పొద్దున్నే చిన్నమ్మ, అంటే కాక భార్య, ఏడుపు గోడ దాటి వచ్చింది. బడి సెలవులకు ఇంటికొచ్చి, నా పక్కన కూర్చుని బియ్యం ఏరుతున్న నా బిడ్డకు అది వినబడలేదు. ఆమెది పుట్టుచెవుడు. ఈ మాట ఆమెకు చేతులతో ఎట్లా చెప్పాలో తోచక, చేయి పట్టుకుని కాక ఇంటికి తీసుకెళ్ళాను.

కాకవి బాయిలో, అంటే గనిలో, బొగ్గు పేల్చే పని చేసీ చేసీ పోయిన చెవులు. ఎవరైనా అరిచి మాట్లాడితే ఆయనకు నవ్వు. "ఎందుకే గంత గొంతు చించుకుంటవు? మొఖం నా దిక్కు తిప్పి మాట్లాడు, సాలు" అనేవాడు.

ఆయనకు మూకీ సినిమాల పిచ్చి. సినిమాకు మాట రాకముందు తీసిన పురాణ కథల సీడీలు ఎక్కడెక్కడి నుంచో తెప్పించేవాడు. ఆదివారం మధ్యాహ్నం వాళ్ళింట్లో టీవీ ముందు అందరం చేరేవాళ్ళం. ఆ బొమ్మలకు తర్వాత ఎవరో అతికించిన సంగీతం ఉండేది. కాక మొదట చేసే పని దాన్ని బంద్ చేయడమే. "అందరం ఒక్క తీర్గనే సూద్దాం" అనేవాడు.

నా బిడ్డకు అప్పుడు ఏడేళ్ళు. ఎవరు కథ చెప్పినా పిల్లలంతా నవ్వాక, వాళ్ళ మొహాలు చూసి తనూ నవ్వేది. "పాపం, దానికేం సమజైతది" అని ఎవరైనా జాలిపడితే నాకు ఒళ్ళు మండేది.

ఒక ఆదివారం బాలకృష్ణుడు మడుగులో దూకాడు. గట్టు మీద యశోద గుండెలు బాదుకుంటోంది. ఆ రోజుల్లో ఆడవేషాలు మగవాళ్ళే కట్టేవారట. "గా చేతులు సూడుండ్రి, బొగ్గు తట్టలు మోసినోని లెక్కున్నయ్" అని కాక అంటే పడీపడీ నవ్వాం. బిడ్డ నవ్వలేదు. పిల్లాడు మునిగిపోయాడని కాక చొక్కా పట్టి గుంజింది.

కాక తన అరచేతిని మెల్లగా కిందికి దించాడు. అక్కడే ఆపాడు. "జర ఆగాలె బిడ్డా" అన్నాడు. పాము పడగ మీద పిల్లాడు తేలగానే ఆ చేతిని పైకెత్తాడు. ఆ రోజు మా అందరికంటే ముందు నవ్వింది నా బిడ్డే.

ఇంటికొచ్చి ఆ కథంతా వాళ్ళ నాన్నకు చేతులతో చెప్పింది. ఆమె కథ చెప్తుంటే మేము చూడడం అదే మొదలు. ఆమెను బడిలో వేయవచ్చన్న ధైర్యం మాకు ఆ పూటే వచ్చింది. ఇప్పుడు హాస్టల్లో ఉండి తొమ్మిదో తరగతికి వచ్చింది.

"నోట్ల మాట లేకుండ గంత కథ చెప్పిండ్రంటే, ఆల్లకు మొక్కాలె" అని, ఆ మూకీలు తీసినవాళ్ళను తలుచుకుని అనేవాడు కాక. నేను కాకకు మొక్కుతాను.

ఆ పొద్దున బిడ్డ వెళ్ళి కాక తల దగ్గర కూర్చుంది. చిన్నమ్మ వైపు చూసి అరచేతిని మెల్లగా కిందికి దించింది. అక్కడే ఆపింది. పైకెత్తలేకపోయింది.

ముప్పై ఏళ్ళు, షిఫ్టు ముగించి బాయిలోంచి పైకొచ్చి కాక ఇల్లు చేరేదాకా గుమ్మంలో నిలబడిన మనిషి చిన్నమ్మ. ఏడుపు ఆపింది. బిడ్డ మణికట్టు పట్టుకుని, తానే మెల్లగా పైకెత్తింది.